మిథిలా గీతలో ఆడవాళ్ల కథ: పేడపూత నుంచి అద్దం బిగించేదాకా

మిథిలా బొమ్మలు, అంటే మధుబని చిత్రాలు, నేర్చుకునేవాళ్లలో చాలామంది చేపతో, నెమలితో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతారు. బొమ్మ ముచ్చటగానే వస్తుంది, అందులో ఎవరి గోడూ వినపడదు. బిహార్‌లోని మధుబని చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు మాత్రం ఇదే గీతతో పెళ్లి గది గోడ దగ్గర మొదలై ఆస్పత్రి మంచం దాకా వెళ్లారు. 1966-67 కరువులో చేతిఖర్చుకు నాలుగు డబ్బులు వస్తాయని వాళ్ల చేతికి కాగితం అందింది. అంతకుముందు ఆ బొమ్మలు ఎక్కువగా ఇంటి గోడల మీదే ఉండేవి.

ముందు కాగితం. ఏ3 సైజు, కాస్త మందంగా ఉన్న చేతితయారీ కాగితం తీసుకోండి. రెండు నిమ్మకాయలంత తాజా ఆవుపేడను పావు లీటరు నీళ్లలో కలిపి, పాత పంచె గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. ముందురోజు రాత్రి నానబెట్టిన తుమ్మబంక ఒక చెంచా అందులో కలపండి. నాలుగు కాగితాలకు సరిపోతుంది. వెడల్పు కుంచెతో ఒకే దిశలో పలుచగా ఒక్క పూత వేసి నీడలో ఆరబెట్టాలి. ఎండలో పెడితే అంచులు అప్పడంలా ముడుచుకుంటాయి. ఆరాక రాత్రంతా పుస్తకాల కింద పెట్టండి. వాసన గురించి బెంగ వద్దు, ఆరేసరికి పోతుంది. కాగితానికి ఈ పేడపూత వాడుకలోకి తెచ్చింది జమునా దేవి అనే దళిత చిత్రకారిణి అని చెబుతారు. గోడ రంగు కాగితం మీదికి వచ్చేసినట్టుంటుంది.

బొమ్మ మొదలుపెట్టే ముందు ఒక మూల చిన్న గీత గీసి చూడండి. అంచు పీచులు పీచులుగా పాకితే బంక తక్కువైందన్నమాట. గీత జారి మధ్యలో తెగితే బంక ఎక్కువైంది. నిబ్బు మాటిమాటికీ అడ్డుపడి సిరా చుక్క కారుతుంటే వడకట్టడంలో బద్ధకించారని అర్థం.

సిరాకు దీపపు మసి మంచిదే, కానీ మసి నీళ్లలో తేలిపోతుంది. ముందు చిక్కటి బంకలో వేసి వేలితో బాగా నూరి, తర్వాత చుక్కచుక్కగా నీళ్లు కలపాలి. మొదటిసారి చేసేవాళ్లు తడికి చెదరని నల్ల సిరా కొనుక్కోవడమే మేలు. మసిగీత మీద తడిరంగు పడితే మొత్తం అలుక్కుపోతుంది.

ఇక విషయం. ఆడవాళ్ల పోరాటం అనగానే బిగించిన పిడికిలి, తెగిన సంకెల, ఆకాశం వైపు చూసే ముఖం వేయకండి. వాటిలో ఏ ఊరి మనిషీ కనిపించదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డ సంగతి తీసుకుందాం. రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకుంటూ మొదలైన మాట సారా అంగడి మూయించేదాకా వెళ్లింది. అంటే మీ బొమ్మలో పలక ఉండాలి, లాంతరు ఉండాలి, సారా ప్యాకెట్లు ఉండాలి.

మిథిలా బొమ్మలో దూరం, దగ్గర అనే లెక్క లేదు. ఎవరు ముఖ్యమో వాళ్లు పెద్దగా ఉంటారు. ఆడవాళ్లను జానెడు ఎత్తు వేసి, అంగడిని అగ్గిపెట్టెంత చేయండి. ముఖం పక్కనుంచి, కన్ను మాత్రం ఎదురుగా చూస్తున్నట్టు నిండుగా వేయాలి. ఏడుగురుంటే ఏడుగురి చేతుల్లో ఏడు వస్తువులు పెట్టండి: చీపురు, పలక, చంకలో బిడ్డ, బిందె... ఒకే బొమ్మను ఏడుసార్లు అచ్చేస్తే గుంపు కనిపిస్తుంది, మనుషులు కనిపించరు.

జరిగినదాన్ని ముందువెనుకలుగా ఒకే కాగితం మీద పెట్టొచ్చు. మిథిలా చిత్రకారిణి గంగా దేవిని చూడండి. భర్త మరో పెళ్లి చేసుకున్నాక ఒంటరిగా నిలదొక్కుకున్న మనిషి. క్యాన్సర్ వచ్చాక తన వైద్యాన్నే వరుస బొమ్మలుగా వేసింది. పెళ్లి గది గోడకు వాడే సన్నగీతతోనే ఆస్పత్రిని గీసింది. బాధను చూపించడానికి గీతను వంకర చేయలేదు.

చిత్తుబొమ్మ వేరే కాగితం మీద వేసుకోండి. పేడపూత మీద పెన్సిలు గీసి రబ్బరు రుద్దితే పూత లేచి తెల్లమచ్చ పడుతుంది, మళ్లీ పూసినా కలవదు. చుట్టూ రెండంగుళాల అంచు వదిలి, ముందు ఆ అంచే వేయండి. చేతికి గీత అలవాటవుతుంది. ఆకారాల చుట్టూ రెండు గీతలు, మధ్య రెండు మిల్లీమీటర్ల సందు, ఆ సందులో అడ్డంగా పొట్టిగీతలు. ఈ జంటగీతే శైలికి ప్రాణం. కుడిచేతివాటం వాళ్లు ఎడమ పైమూల నుంచి కిందికి రావాలి, లేకపోతే తడిగీత మీద అరచెయ్యి పడుతుంది.

లోపల నింపడానికి మూడు దారులున్నాయి. గీతలతో నింపేది కచ్నీ, రంగుతో నింపేది భర్నీ. వీటిని కాయస్థ, బ్రాహ్మణ ఇళ్ల ఆడవాళ్లు పెంచారు. మూడోది గోద్నా, పచ్చబొట్టు నుంచి వచ్చింది. దుసాధ్ అనే దళిత కులపు చానో దేవి లాంటివాళ్లు పచ్చబొట్టు గుర్తులను వరుసలుగా పేర్చి, తమ వీరుడు రాజా సల్హేష్ కథలను చెప్పారు. గుంపు బొమ్మకు గోద్నా వరుసలే నప్పుతాయి. ఆడవాళ్ల చీరల్లో గీతలు దట్టంగా, అంగడి గోడలో పలుచగా వేస్తే కన్ను ఎటు పోవాలో అటే పోతుంది. అంతా ఒకే దట్టంగా నింపితే దూరం నుంచి బూడిదరంగు చాపలా ఉంటుంది. ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే.

రంగులు రెండు చాలు, అవి కూడా గీత రాత్రంతా ఆరాక. పసుపు సులువే కానీ ఎండకు వెలుస్తుంది, సున్నం తగిలితే ఎర్రబడుతుంది. గుప్పెడు ఎండు మోదుగపూలను గ్లాసు నీళ్లలో సగమయ్యేదాకా మరిగిస్తే నారింజరంగు వస్తుంది. చిక్కుడాకు రసం ఆకుపచ్చకు పనికొస్తుంది. ప్రతిదానిలో రెండు చుక్కల బంకనీళ్లు కలపండి.

అద్దం కాగితానికి తగలకుండా మధ్యలో అట్టచట్రం పెట్టి బిగించండి, లేకపోతే వానాకాలం తేమకు అంటుకుపోతుంది. మీ పేరు తెలుగులోనే రాయండి. అమ్మేటప్పుడు ‘మధుబని పెయింటింగ్’ అనకండి. ఆ పేరుకు జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు ఉంది, అది అక్కడివాళ్ల బతుకుదెరువు. ‘మిథిలా శైలిలో’ అని రాస్తే సరిపోతుంది.