నాలుగు రోజుల పనికి ఫారిన్ వెళ్తుంటే: పీణ్య నుంచి హనోవర్ దాకా

బెంగళూరు పీణ్యలో మాకు చిన్న సీఎన్‌సీ షాప్ (కంప్యూటర్ నడిపే మెషిన్ల మీద లోహపు భాగాలు కోసే వర్క్‌షాప్) ఉంది. జర్మనీలోని హనోవర్‌లో జరిగే ఈఎంఓ మెషిన్ టూల్స్ ఎగ్జిబిషన్‌కి 2023లో ఒకసారి, 2025లో ఒకసారి వెళ్లాను. ఈసారి హిందూపురం నుంచి మా చిన్నాన్న కొడుకు ఇలాంటి ప్రయాణానికే బయలుదేరుతూ, "అన్నా, ఫస్ట్ టైమ్ పోతున్నా, కొంచెం వివరంగా చెప్పు" అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

టికెట్ కొనేటప్పుడే సగం ప్రయాణం తేలిపోతుంది. మొదటిసారి త్వరగా చేరాలని ఖతార్‌లోని దోహాలో గంటా పది నిమిషాల లేఓవర్ (విమానం మారడానికి మధ్యలో ఉండే సమయం) ఉన్న టికెట్ తీసుకున్నాను. మొదటి విమానం నలభై నిమిషాలు లేటు. పరుగెత్తి రెండో విమానం అందుకున్నాను కానీ నా బ్యాగ్ అందుకోలేదు. రెండు రోజులు ఒకే చొక్కాతో స్టాళ్ల ముందు నిలబడ్డాను. ఎవరితోనైనా మాట్లాడాలంటే ముందు చొక్కా కాలరే గుర్తొచ్చేది. మూడో రోజు సాయంత్రం బ్యాగ్ హోటల్‌కి వచ్చింది, మర్నాడు నా తిరుగు ప్రయాణం.

అందుకే లేఓవర్ కనీసం మూడు గంటలు, వీలైతే నాలుగైదు గంటలు ఉండేలా చూసుకోండి. రెండు విమానాలూ ఒకే పీఎన్ఆర్‌లో, అంటే ఒకే బుకింగ్ నంబర్ కింద, ఉండాలి. విడివిడిగా కొంటే మొదటిది లేటైనప్పుడు రెండో విమానం వాళ్లకి మీతో సంబంధం ఉండదు, మళ్లీ కొత్త టికెట్టే.

నాలుగు రోజులకి క్యాబిన్ బ్యాగ్ చాలు. మూడు చొక్కాలు, రెండు ప్యాంట్లు, ఒక స్వెటర్. వర్నియర్ (కొలతలు తీసే పరికరం) వెంట తీసుకెళ్లాలని చేయి లాగుతుంది, నాకూ లాగింది. దానికి మొనలుంటాయి, సెక్యూరిటీలో ఆపేస్తారు, ఇంట్లోనే పెట్టండి. నేను చూపించడానికి మా షాప్‌లో చేసిన ఒక ఇత్తడి బుష్ (గొట్టంలాంటి చిన్న మెషిన్ భాగం) తీసుకెళ్లాను. స్కానర్‌లో నల్లటి ముద్దలా కనపడి బ్యాగ్ తెరిపించారు. డ్రాయింగ్, కంపెనీ లెటర్‌హెడ్ మీద "శాంపిల్, అమ్మకానికి కాదు" అని రాసిన కాగితం పక్కనే ఉండడంతో రెండు నిమిషాల్లో వదిలేశారు. పవర్ బ్యాంక్ క్యాబిన్‌లోనే ఉండాలి, 20,000 ఎంఏహెచ్ దాకా ఇబ్బంది లేదు.

తిండి గురించి ఇంట్లో ఆడవాళ్లకి ముందే చెప్పండి. ఎండు కొబ్బరి చిప్పలు మన విమానాల్లో పెట్టనివ్వరు, నూనె వల్ల నిప్పు అంటుకుంటాయని. పాలకోవా, నెయ్యి లాంటి పాల పదార్థాలు యూరప్‌లోకి రానివ్వరు. దుబాయ్ లేదా సింగపూర్ మీదుగా వెళ్తుంటే గసగసాలు ఏ పొడిలోనూ ఉండకూడదు. అక్కడ అవి మత్తుపదార్థాల కిందికి వస్తాయి, చాలా ప్రమాదం. నేను అటుకుల పులిహోర ఒక డబ్బా, కందిపొడి ఒక ప్యాకెట్ తీసుకెళ్లాను. పులిహోర దారిలోనే అయిపోయింది.

ఇక నిద్ర. నేనైతే అన్నిటికంటే దీనికే ఎక్కువ విలువ ఇస్తాను. మన దగ్గర విమానం తెల్లవారుజామున ఎక్కుతాం. ఎక్కగానే భోజనం వద్దని చెప్పి పడుకోండి, దోహాకి నాలుగున్నర గంటలు నిద్ర దొరుకుతుంది. దిగాక మళ్లీ సెక్యూరిటీ చెక్ ఉంటుంది కాబట్టి నీళ్ల బాటిల్ ముందే ఖాళీ చేసుకోండి. లోపలికి వెళ్లగానే బోర్డులో గేట్ చూసుకుని, నేరుగా వాష్‌రూమ్‌కి వెళ్లి ముఖం కడుక్కుని, పళ్లు తోముకుని, బనియను, సాక్స్ మార్చుకోండి. ఆ సాక్స్ మార్చుకున్న సుఖం అనుభవిస్తేనే తెలుస్తుంది. తర్వాత క్వైట్ రూమ్‌లో వాలు కుర్చీలుంటాయి. ఫోన్‌లో అలారం పెట్టి, బ్యాగ్ పట్టీ చేతికి చుట్టుకుని గంట పడుకోండి. పసుపు రంగు పెద్ద ఎలుగుబంటి బొమ్మ దగ్గర ఫోటో లేచాక తీసుకోవచ్చు.

రెండో విమానం పగటిపూట, ఆరు గంటలకు పైనే. అందులో మేలుకుని ఉండండి. నడవా పక్క సీటు అడగండి. నాలుగు గంటలకు మించి కదలకుండా కూర్చుంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది. గంటన్నరకోసారి లేచి వెనక దాకా నడిచి రండి. బూట్లు కొంచెం వదులుగా ఉన్నవే వేసుకోండి, దిగేసరికి పాదాలు ఉబ్బుతాయి. నాకు బీపీ మాత్ర ఉంది. డాక్టర్‌ని ముందే అడిగి అక్కడి టిఫిన్ టైమ్‌కి మార్చుకున్నాను. మాత్రలు స్ట్రిప్‌లోనే, చీటీతో సహా పెట్టుకోండి.

ఈ రెండో విమానం జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో దిగుతుంది. అక్కడి ఎయిర్‌పోర్ట్‌లోనే రైల్వే స్టేషన్ ఉంది. రైల్లో హనోవర్‌కి దాదాపు రెండున్నర గంటలు. తక్కువ ధర టికెట్ ఒకే రైలుకి చెల్లుతుంది కాబట్టి విమానం దిగిన రెండు గంటల తర్వాతి రైలు తీసుకోండి.

సెప్టెంబర్‌లో అక్కడ మనకంటే మూడున్నర గంటలు వెనక. మొదటి రాత్రి తొమ్మిది దాకా ఎలాగైనా ఆగండి. తెల్లవారి నాలుగింటికే మెలకువ వస్తుంది, రానివ్వండి. నేను ఆ టైమ్‌లో ఏ హాల్లో ఎవరిని కలవాలో కాగితం మీద రాసుకునేవాణ్ణి. ఎగ్జిబిషన్‌లో కేటలాగ్‌లు మోయకండి, ఫోటో తీసుకోండి. ఒక్కొక్కటి అరకిలో ఉంటుంది.

తిరిగి వచ్చిన రోజు మాత్రం బండి నడపొద్దు. నేను బెంగళూరు ఎయిర్‌పోర్ట్ దగ్గర కేఐఏ-9 వాయు వజ్ర బస్సెక్కి మెజెస్టిక్‌లో దిగి, గ్రీన్ లైన్ మెట్రోలో పీణ్య చేరాను.