జీమ్యాట్ లేకుండా ఎంబీఏకి అప్లై చేసే ముందు

– ఆ స్కూల్ ఏం రాసిందో నిదానంగా చదవండి. జీమ్యాట్ (ఎంబీఏ ప్రవేశ పరీక్ష) స్కోరు ఇవ్వడం మీ ఇష్టం అనడం వేరు, వేవర్ (స్కోరు ఇవ్వక్కర్లేదనే మినహాయింపు) కోసం విడిగా అడగాలనడం వేరు. వేవర్‌కి గడువు అప్లికేషన్ గడువు కంటే ముందే అయిపోవచ్చు.

– స్కోరు లేనప్పుడు లెక్కల్లో మీ సత్తా ఇంకెక్కడైనా కనబడాలి. డిగ్రీ మార్కుల లిస్టు బయటికి తీసి స్టాటిస్టిక్స్, అకౌంట్స్ పక్కన ఏ గ్రేడు ఉందో చూడండి, అక్కడ సి కనబడితే ఆ సబ్జెక్టులో గ్రేడు ఇచ్చే ఆన్‌లైన్ కోర్సు ఒకటి పూర్తిచేసి సర్టిఫికెట్ జతచేయండి. నన్నడిగితే ఎస్సే కంటే ముందు చేయాల్సింది ఇదే.

– స్కాలర్‌షిప్‌కి స్కోరు కావాలేమో మెయిల్ పెట్టి కనుక్కోండి, జవాబు దాచుకోండి.

– వేవర్ వచ్చినంత మాత్రాన టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ లాంటి ఇంగ్లీషు పరీక్షలు తప్పినట్టు కాదు. ఆ స్కోర్లు 2 ఏళ్లే చెల్లుతాయి.

– పాత జీమ్యాట్ స్కోరు ఉందా? 5 ఏళ్లు దాటలేదంటే పనికొస్తుంది.