నాలుక కాలినప్పుడు: ఏ బాధకు ఏ చిట్కా

వేడి కాఫీ గుటక నోట్లో పడింది. ఉమ్మాలో మింగాలో తేల్చుకునేలోపే నాలుక చురుక్కుమంది. ఎవరికైనా వెంటనే తోచేది ఒకటే: ఫ్రిజ్ తెరిచి ఐస్ ముక్క నోట్లో వేసుకోవడం. నేనూ చాలాకాలం అదే చేశాను. ఒకసారి ఫ్రీజర్‌లోంచి అప్పుడే తీసిన ముక్క నాలుకకు అతుక్కుపోయింది. కంగారులో లాగేశాను. కాలిన చోట పైపొర దాంతోపాటే ఊడొచ్చింది. కాఫీ పెట్టిన బాధ కన్నా నా సొంత వైద్యం పెట్టిన బాధే ఎక్కువైంది.

కాలిన నాలుకకు ఇంటి చిట్కాలకేం కొదవలేదు. కానీ వాటిలో చాలావరకు నొప్పిని కాసేపు మరిపించేవే. మాన్పే పని నాలుక తనే చూసుకుంటుంది. ఆ పనికి మనం ఎక్కడ తోడవుతున్నామో, ఎక్కడ అడ్డం పడుతున్నామో తెలియాలంటే ముందు లక్షణం చూడాలి.

ఇప్పుడే కాలింది, భగ్గుమంటోంది

కాఫీ, టీ సాధారణంగా 70 నుంచి 85 డిగ్రీల సెల్సియస్ వేడితో కప్పులోకి వస్తాయి. 60 డిగ్రీల నీళ్లు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని గట్టిగా కాల్చగలవు. పల్చటి ద్రవం నోట్లో నిలవదు కాబట్టి చాలాసార్లు పైపైన కాలడంతో బయటపడతాం. కరిగిన చీజ్, చిక్కటి సూప్, చక్కెర పాకం లాంటివి అలా కాదు. అంటుకుని కూర్చుంటాయి, వేడిని వదలవు. మైక్రోవేవ్‌లో పెట్టినవి మరీ మోసం. అంచు గోరువెచ్చగా తగులుతుంది, మధ్యలో కుతకుతలాడుతుంటుంది.

నోట్లో ఇంకా ఉంటే మర్యాద చూసుకోకుండా ఉమ్మేయండి. తర్వాత చల్లటి మంచినీళ్లు నోట్లో పోసుకుని, నాలుకంతా మునిగేలా అర నిమిషం ఉంచి వదిలేయండి. ఇలా 5 నుంచి 10 నిమిషాల పాటు చేస్తూనే ఉండండి. ఒక్క గుక్క తాగి ఊరుకుంటే లాభం లేదు. ముద్ద బయటికి పోయినా పొరలోకి దిగిన వేడి ఇంకాసేపు అక్కడే ఉంటుంది. ఐస్ కావాలంటే ముందు నీళ్లలో ముంచి, తడి తేలాక చప్పరించండి. ఒకేచోట అదిమి పెట్టొద్దు. ఈ పది నిమిషాల్లో చేసినదాని ముందు, తర్వాత చేసేదంతా చిన్నదే.

గంటలు గడిచినా మంట, కాస్త కారం తగిలితే ప్రాణం పోతోంది

నరాల చివర్లలో వేడిని పసిగట్టే ఒక ప్రొటీన్ ఉంది. పేరు టీఆర్‌పీవీ1. దాదాపు 43 డిగ్రీలు దాటితే అది మేల్కొని మెదడుకు నొప్పి కబురు పంపుతుంది. మిరపకు కారాన్నిచ్చే క్యాప్సైసిన్ తట్టేదీ ఈ తలుపునే. దీన్ని అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం 1997లో గుర్తించింది. 2021లో ఆయనకు, మరో శాస్త్రవేత్త ఆర్డెమ్ పటపూటియన్‌కు కలిపి వైద్య నోబెల్ వచ్చింది. గాయపడిన చోట ఈ ప్రొటీన్ మరీ సున్నితమైపోతుంది. అందుకే మామూలు వేడి అన్నం కూడా నిప్పులా తగులుతుంది. కారం సంగతి ఇక చెప్పక్కర్లేదు.

ఇక్కడ చల్లటి పాలు, పెరుగు బాగా పనికొస్తాయి. నీళ్ల కన్నా కాస్త చిక్కగా ఉండి, నాలుక మీద పల్చటి పూతలా పరుచుకుంటాయి. చెంచాడు పెరుగు నోట్లో పెట్టుకుని వెంటనే మింగకుండా కాసేపు ఉంచుకోండి. పుదీనాలోని మెంథాల్ చల్లదనాన్ని పసిగట్టే నరాలను కదిలిస్తుంది కాబట్టి హాయిగానే ఉంటుంది. ఘాటు బిళ్లలు మాత్రం కొందరికి చురుక్కుమంటాయి. తేనె, చక్కెర పలుకులు? తీపికి దృష్టి మళ్లుతుంది, కాసేపు ఉపశమనం, అంతకు మించి ఆశపడొద్దు. ఏడాది నిండని పిల్లలకు తేనె అసలు నాకించొద్దు. దానివల్ల వారికి బోటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

మంట తగ్గింది, నాలుక గరుకుగా ఉంది, రుచి తెలియడం లేదు

ఎక్కువమందికి టెన్షన్ పుట్టించేది ఇదే. నిజానికి ఇంత తేలికైన సమస్య ఇంకోటి లేదు. నాలుక మీద మెత్తటి కుచ్చులా ఉండే సన్నటి బుడిపెలు కాలి మొద్దుబారాయి, వాటితోపాటు రుచి మొగ్గల్లో కొన్ని కణాలు పోయాయి. రుచి కణాలు ఎప్పుడూ పాతవి రాలి కొత్తవి పుడుతూనే ఉంటాయి. దీనికి పది రోజుల నుంచి రెండు వారాల దాకా పడుతుంది. పైపైన కాలిన నాలుక చాలామందికి వారంలోపే సర్దుకుంటుంది.

చేయాల్సింది ఏమీ లేదు. చేయకూడనిది ఒకటుంది: ఆ గరుకును పళ్లకేసి రుద్దడం, టంగ్ క్లీనర్‌తో గీకడం. చెప్పడం తేలికే గానీ, నోట్లో కొత్తగా ఏదైనా తేడా వస్తే నాలుక అక్కడికే పోతుంది!

తెల్లటి మచ్చ లేదా నీటి పొక్కు

కాస్త లోతుగా కాలిందని అర్థం. పొక్కును చిదపొద్దు, అది కింద పుండుకు కప్పు లాంటిది. తనంతట తను చిట్లితే శుభ్రంగా ఉంచుకుంటే చాలు. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర టీస్పూన్ ఉప్పు కరిగించి రోజుకు మూడు నాలుగుసార్లు, ముఖ్యంగా తిన్న తర్వాత పుక్కిలించండి. ఉప్పు ఎక్కువ వేస్తే గుణం ఎక్కువ రాదు, మంటే ఎక్కువ వస్తుంది. మెత్తని బ్రష్ వాడండి, ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ పక్కన పెట్టండి. చిప్స్ లాంటి గరుకు తిండి, టమాటా, నిమ్మ, నారింజ నాలుగు రోజులు మానేస్తే మంచిది.

రెండు రోజులైనా తగ్గకపోగా పెరుగుతోంది

ఇప్పుడు అనుమానించాల్సింది కాఫీని కాదు, మీరు రాసిన మందును. లవంగ నూనె నేరుగా పూస్తే అదే నోటి పొరను కాల్చేస్తుంది. ఆస్పిరిన్ బిళ్లను నొప్పి ఉన్నచోట పెట్టుకుంటే ఆమ్లం వల్ల తెల్లటి పుండు పడుతుంది. టూత్‌పేస్ట్ పూయడమూ తప్పే. చాలా పేస్టుల్లో నురగ కోసం వేసే సోడియం లారిల్ సల్ఫేట్ పచ్చి పుండుకు పడదు. వీటిని ఆపేసి ఒక రోజు చూడండి.

నొప్పికి పెద్దవాళ్లు పారాసిటమాల్‌ను ప్యాకెట్ మీద రాసిన మోతాదులో మింగవచ్చు. బెంజోకెయిన్ ఉన్న మొద్దుబార్చే జెల్‌ను రెండేళ్లలోపు పిల్లలకు రాయొద్దు. రక్తం ఆక్సిజన్ మోసే శక్తిని అది దెబ్బతీయవచ్చు.

బాగా కాలింది, కానీ నొప్పే లేదు

ఇది శుభవార్త కాదు. తెల్లగానో నల్లగానో మారి స్పర్శ తెలియకపోతే నరాల దాకా కాలినట్టు. చిట్కాలు కట్టిపెట్టి ఆసుపత్రికి వెళ్లండి. మింగడం కష్టమైనా, చొంగ కారుతున్నా, గొంతు బొంగురుపోయినా, ఊపిరి ఆడనట్టున్నా ఒక్క నిమిషం కూడా ఆగొద్దు. గొంతులో వాపు పెరిగితే శ్వాస దారి మూసుకుపోతుంది. పిల్లల విషయంలో ఇంకా తొందరపడాలి, వాళ్ల దారి సన్నం. బటన్ బ్యాటరీ, డ్రెయిన్ క్లీనర్ లాంటివి నోట్లో పడితే ఇది వేడి కాలడం కాదు, అదీ ఎమర్జెన్సీయే. బలవంతంగా వాంతి చేయించొద్దు.

వేడిగా ఏమీ తినలేదు, అయినా కాలినట్టే ఉంది

నిన్న అనాసపండు గానీ పుల్లటి బిళ్లలు గానీ ఎక్కువగా తిన్నారేమో గుర్తు చేసుకోండి. అనాసలోని బ్రొమెలైన్ ప్రొటీన్లను విడగొట్టే ఎంజైమ్. దానివల్ల వచ్చిన మంట ఒకటి రెండు రోజుల్లో పోతుంది. వారాల తరబడి ఉంటే చల్లటి పాలతో నెట్టుకురావద్దు. బీ12, ఐరన్ లోపం, అదుపులో లేని షుగర్, నోరు ఎండిపోవడం, ఫంగస్, వీటిలో ఏదైనా కావచ్చు. ఏ కారణమూ దొరకని నోటి మంటను బర్నింగ్ మౌత్ సిండ్రోమ్ అంటారు, అది మెనోపాజ్ దాటిన ఆడవాళ్లలో ఎక్కువ. రెండు మూడు వారాలైనా మానని పుండు ఎవరిదైనా, ఎలా మొదలైనా, డాక్టరో డెంటిస్టో చూడాల్సిందే. వెళ్లేటప్పుడు మంట ఎప్పుడు మొదలైందో, పొద్దున ఎక్కువో రాత్రి ఎక్కువో, ఏ మందులు వాడుతున్నారో, ఈమధ్య టూత్‌పేస్ట్ మార్చారో లేదో ఒక కాగితం మీద రాసుకెళ్లండి. ఏ రక్తపరీక్ష ముందు చేయించాలో అవే తేలుస్తాయి.