కోడి ఈకల మిషన్: తోలు చిరగకుండా వాడే పద్ధతి

హైదరాబాద్‌ చికెన్ సెంటర్లలో స్కిన్‌లెస్ అడిగేవాళ్లే ఎక్కువ. తోలు ఊడదీస్తే ఈకలూ దాంతోపాటే పోతాయి. 'స్కిన్‌తో' అన్నప్పుడే, లోపలి రబ్బరు వేళ్లతో ఈకలు పీకే డ్రమ్ము మిషన్‌తో పని. తోలు చిరిగిందంటే అందరూ మిషన్‌నే తిడతారు గానీ, చాలాసార్లు తప్పు నీళ్ల వేడిలో ఉంటుంది.

కోత అయ్యాక కోడిని కోనులో (గరాటు లాంటి డబ్బాలో) తలకిందులుగా రెండు నిమిషాలు వదలండి. రక్తం పూర్తిగా కారాలి, ఊపిరి ఆగాలి. ప్రాణం ఉండగా వేడినీళ్లలో ముంచడం ఘోరం. పైగా మురికి నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి, తోలు ఎర్రబడుతుంది.

బ్రాయిలర్‌కు 60 డిగ్రీల నీళ్లు, ఒక నిమిషం. వేలితో చూసి అంచనా వేయకండి, థర్మామీటర్ పెట్టండి. కాళ్లు పట్టుకుని పైకీ కిందకీ ఆడిస్తూ ముంచాలి, లేకపోతే ఈకల మధ్య గాలి నిలిచి వేడి తోలుకు అందదు. రెక్కలో పెద్ద ఈక ఒకటి పట్టి లాగండి. బిగువు లేకుండా జారి వస్తే చాలు, వెంటనే తీసేయండి. 65 దాటితే కొవ్వు కరుగుతుంది, రొమ్ము ఉడికినట్టు తెల్లబడుతుంది, డ్రమ్ములో తోలు పేలికలవుతుంది. 55 కంటే తగ్గితే రెక్క, తోక ఈకలు మొండికేస్తాయి. ముదురు నాటుకోడికి రెండు మూడు డిగ్రీలు, ఇంకో పావు నిమిషం పెంచండి. ఆదివారం రద్దీలో వరసగా ముంచుతుంటే వేడి పడిపోతుంది, మాటిమాటికీ చూసుకోవాలి. ఇక్కడి బోరు నీళ్లకు హీటర్ రాడ్డు మీద సున్నం పేరుకుంటుంది, అది గీకకపోతే నీళ్లు కాగడానికే ఆలస్యం.

మిషన్ తిరగడం మొదలయ్యాకే కోళ్లు వేయండి, పైపుతో నీళ్లు కొడుతూ ఉండండి. 20 నుంచి 30 సెకన్లు చాలు. మిగిలిన నాలుగు ఈకల కోసం ఇంకాసేపు తిప్పితే రెక్కలు విరుగుతాయి, ఆ ఈకలను చేత్తో పీకేయడమే మేలు. ఎక్కువ కోళ్లు కుక్కితే బెల్టు జారుతుంది. అడుగున తిరిగే ప్లేటుకూ డ్రమ్ముకూ మధ్య రెక్క కొస దూరేంత సందు ఉండకూడదు.

రబ్బరు వేళ్లను రోజూ వంచి చూడండి. పగుళ్లుంటే మార్చాల్సిందే, అందులో చేరిన మురికి కడిగినా పోదు. కొత్తదాన్ని సబ్బునీళ్లలో ముంచి, రంధ్రంలోంచి లాగితే గాడిలో కూర్చుంటుంది.

తడిలో నడిచే మిషన్ కాబట్టి ఎర్తింగ్, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే బ్రేకర్) లేకుండా స్విచ్ వేయొద్దు. కడిగేటప్పుడు ప్లగ్ తీసేయండి. ఈకలు జాలీలో పట్టి బస్తాకెత్తండి, మోరీలో వదిలితే ముందు పూడేది మీ గల్లీయే.