శాటిలైట్ నెట్ పెట్టించే ముందు డాబా ఎక్కి ఒకసారి పైకి చూడండి

లంకల్లోవాళ్ళూ చెరువుల మీద మకాంల్లో ఉండేవాళ్ళూ శాటిలైట్ నెట్ గురించి తెగ అడుగుతున్నారు. ఈ నెట్ ఇచ్చే స్టార్‌లింక్ కంపెనీకి మన దేశంలో లైసెన్స్ 2025 జూన్‌లో వచ్చింది, అలాగని అడ్వాన్స్ ఎవరి చేతిలోనూ పెట్టకండి, కంపెనీ సొంత సైట్‌లోనే చూసుకోండి. మీ వీధిలోకి ఫైబర్ వచ్చేసుంటే మాత్రం ఈ గొడవే వద్దు, ఐదారొందల్లో పోయేదానికి డిష్ ఎందుకండీ బాబూ.

ముందు కొబ్బరిచెట్ల సంగతి. మా టీవీ డిష్ చెట్ల సందులోంచి బ్రహ్మాండంగా వస్తోంది కదా అంటారు, అది చూసేది 36 వేల కిలోమీటర్ల పైన ఒకేచోట ఉండే శాటిలైట్‌ని, దానికి చిన్న సందు చాలు. స్టార్‌లింక్‌వి ఐదొందల కిలోమీటర్లకి అటూఇటూ ఎత్తులో పరిగెడుతుంటాయి, ఒకటి పోతే ఇంకోటి అందుకోవాలి కాబట్టి ఆకాశం చాలా వెడల్పుగా కావాలి. మట్ట అడ్డంగా ఊగిందనుకోండి, యూట్యూబ్ ముందే కొంత లోడై ఉంటుంది గనక నడిచిపోద్ది, వీడియో కాల్‌లో దుబాయ్‌లో ఉన్న మీ అబ్బాయి మాత్రం నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోతాడు. డాబా మీద స్టార్‌లింక్ యాప్ తెరిచి ఫోన్ కెమెరా చుట్టూ తిప్పితే అడ్డాలు ఎక్కడున్నాయో చూపిస్తుంది, దీనికి డిష్ కొనక్కర్లేదు. చెట్టు కొట్టించేస్తే పోలా అంటే, ఆ చెట్టు కాయల దింపు మీద వచ్చే డబ్బులు పోతాయి, అవి కూడా లెక్కలో వేసుకోండి మరి. పైపు వేసి డిష్ ఎత్తుగా పెడితే ఊగకుండా లాగి కట్టే స్టే వైర్లు, ఎర్తింగ్ తప్పవు, క్లాంపులు స్టెయిన్‌లెస్ స్టీల్‌వే తీసుకోండి, ఉప్పుగాలికి మామూలు ఇనుము ఆగదు.

కరెంటు ఎవరూ లెక్కెయ్యరు. డిష్ 75 వాట్లు లాగుతుందనుకుంటే రోజుకి 1.8 యూనిట్లు, నెలకి 54, అంటే సీలింగ్ ఫ్యాన్ రాత్రీపగలూ ఆపకుండా తిప్పినట్టే, స్లాబ్ మారినా మారొచ్చు. ఇన్వర్టర్ మీద రాత్రి 8 గంటలంటే ఇదొక్కటే 600 వాట్ అవర్లు లాగేస్తుంది.

జోరువానలో సిగ్నల్ పడిపోద్ది, తెరిపిస్తే వచ్చేస్తుంది, దానికేం చెయ్యలేం.

చెరువు కెమెరాల కోసమైతే ఇంకోటి. మామూలు ప్లాన్‌లో పబ్లిక్ ఐపీ, అంటే బయట్నుంచి నేరుగా మీ కనెక్షన్‌కి చేరే సొంత నెట్ అడ్రస్, ఉండదు, ఆ అడ్రస్ మీద పోర్ట్ ఫార్వర్డింగ్ పెట్టి చూసే పాత డీవీఆర్ (కెమెరాల రికార్డింగ్ పెట్టె) ఇంటి దగ్గర్నుంచి తెరుచుకోదు, కంపెనీ సర్వర్ ద్వారా ఫోన్‌లో చూపించే క్లౌడ్ యాప్ కెమెరాలే పెట్టాలి. అప్‌లోడ్ కూడా డౌన్‌లోడ్ కంటే బాగా తక్కువ, నాలుగు కెమెరాలు ఇరవైనాలుగ్గంటలూ పంపిస్తే మిగతావన్నీ నత్తనడకే.

ధర చెప్పినప్పుడు 18 శాతం జీఎస్టీ కలిపా కలపకా అని అడగండి. కొన్ని ప్లాన్లు ఒక్క అడ్రస్‌కే కట్టేసి ఉంటాయి, మీది లీజు చెరువైతే లీజు మారినప్పుడు డిష్ కొత్త గట్టు మీదకి మార్చుకోవచ్చో లేదో ముందే తేల్చుకోండి.