పీఎస్4 మొరాయిస్తే: లైటు చూసి, చప్పుడు విని లోపం పట్టుకోవడం

సోనీ గేమింగ్ యంత్రం పీఎస్4 (ప్లేస్టేషన్ 4) మార్కెట్లోకి వచ్చింది 2013 చివర్లో. ఇప్పుడు మన ఇళ్లలో ఆడుతున్నవి ఏళ్ల తరబడి వాడినవో, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవో. వీటికి వచ్చే తిప్పలు తరచూ మూడింటి దగ్గరే తేలతాయి: దుమ్ము, వేడి, కరెంటు. ఎవరైనా ‘ఫార్మాట్ కొట్టేద్దాం’ అంటే ఒప్పుకోకండి. ఏళ్ల తరబడి ఆడిన గేమ్‌ల సేవ్‌లు (ఎంతవరకు ఆడారో దాచిన ఫైళ్లు) పోతాయి, అసలు లోపం మాత్రం అలాగే ఉంటుంది.

ముందు స్టిక్కర్ మీద మోడల్ నంబరు చూసుకోండి. సీయూహెచ్-1000, 1100, 1200 వరుసలు పాత లావు మోడళ్లు. 2000 వరుస స్లిమ్, 7000 వరుస ప్రో.

ఫ్యాన్ హోరుమంటుంది, ఎర్ర లైటు వెలిగి ఆగిపోతుంది

ఎర్ర లైటంటే లోపల వేడి హద్దు దాటిందని అర్థం. ఈ యంత్రం 5 నుంచి 35 డిగ్రీల గది ఉష్ణోగ్రతలో నడవడానికి తయారైంది. మే నెలలో రామగుండంలోనో విజయవాడలోనో తలుపులు మూసిన గదిలో, టీవీ కింద అద్దాల అరలో పెడితే అది తను వదిలిన వేడి గాలినే మళ్లీ పీలుస్తుంది. కాబట్టి మొదటి చికిత్సకు పైసా ఖర్చు లేదు: అరలోంచి బయటికి తీసి, వెనక కనీసం ఒక జానెడు ఖాళీ వదిలి, గట్టి బల్ల మీద పెట్టండి. పరుపు మీద, తివాచీ మీద వద్దు.

అయినా హోరు తగ్గకపోతే దుమ్ము దులపాలి. ప్లగ్గు పీకి పావుగంట ఆగండి. పాత లావు మోడల్లో వెనక వైపు స్క్రూలుంటాయి, కొన్ని స్టిక్కర్ల కింద దాగి ఉంటాయి. మధ్యలో రంధ్రమున్న టార్క్స్ సెక్యూరిటీ బిట్ (టీ8 లేదా టీ9) కావాలి. మామూలు స్టార్ బిట్ పట్టదు. కింది మూత తీయగానే ఫ్యాన్, పవర్ సప్లై పెట్టె కనిపిస్తాయి. పవర్ సప్లైని నిటారుగా పైకి లేపితే కింద హీట్‌సింక్ (చిప్ వేడిని లాగేసే లోహపు దిమ్మ) రేకులుంటాయి. అసలు అడ్డు అక్కడే, దుమ్ము దూదిలా పేరుకుని ఉంటుంది. మెత్తటి బ్రష్షుతో కదిపి, బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోవాలి, లేకపోతే అది విపరీతమైన వేగంతో తిరిగి బేరింగ్ పాడవుతుంది. పంక్చర్ షాపు కంప్రెసర్ గాలిలో తేమ, నూనె ఉంటాయి, దాని జోలికి వెళ్లకండి. పవర్ సప్లై పెట్టెను మాత్రం విప్పకండి. ప్లగ్గు పీకాక కూడా దాని కెపాసిటర్లలో షాక్ కొట్టేంత కరెంటు మిగిలి ఉండొచ్చు.

దుమ్ము పోయాక కూడా బరువైన గేమ్ పెట్టిన పది నిమిషాలకే హోరు మొదలైతే, చిప్ మీది థర్మల్ పేస్ట్ (వేడిని హీట్‌సింక్‌కు చేర్చే ముద్ద) ఎండిపోయి ఉంటుంది. దీనికి మదర్‌బోర్డు బయటికి తీయాలి. చేయి అలవాటు లేకపోతే మెకానిక్‌కే ఇవ్వండి. పాత పేస్ట్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడవమనండి, కొత్తది కరెంటు పారని రకమై ఉండాలి. హీట్‌సింక్‌ను పట్టి ఉంచే రెండు స్క్రూలను ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకటే ముందు పూర్తిగా బిగిస్తే పేస్ట్ ఒక పక్కకు ఒరిగిపోతుంది.

మూత తీసినప్పుడు నల్లటి చిన్న గింజల్లాంటివి కనిపిస్తే అవి బొద్దింకల రెట్టలు. పవర్ సప్లై వెచ్చగా, చీకటిగా ఉంటుంది, గాలి సందులు వెడల్పు. వాటికి అంతకన్నా మంచి గూడు లేదు. లోపల చచ్చి బోర్డును షార్ట్ చేస్తాయి. మెషీన్లోకి స్ప్రే కొట్టకండి. అర మూలల్లో జెల్ మందు చుక్కలు పెట్టండి.

నీలం లైటు కొట్టుకుంటూనే ఉంటుంది, తెలుపు రాదు

ఆన్ చేయగానే నీలం వెలిగి కాసేపటికి తెల్లగా మారాలి. మారకుండా ఆరిపోతే వెంటనే బోర్డు పోయిందని తేల్చేయకండి. ప్లగ్గు కొన్ని నిమిషాలు పీకి ఉంచి, ఎక్స్‌టెన్షన్ బోర్డు లేకుండా నేరుగా గోడ సాకెట్లో పెట్టి చూడండి. అప్పటికీ అంతే అయితే హార్డ్ డిస్క్ తీసేసి ఆన్ చేయండి. ఇప్పుడు తెల్ల లైటు వచ్చి, డిస్క్ దొరకలేదన్న సందేశం పడితే మీ అదృష్టం: పోయింది డిస్క్ మాత్రమే. 2.5 అంగుళాల సాటా డిస్క్, మందం 9.5 మిల్లీమీటర్లు మించకూడదు. ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేస్తే ఇంకా మంచిది, లోడింగ్ తగ్గుతుంది.

డిస్క్ లేకుండా కూడా నీలమే ఉంటే పవర్ సప్లై కానీ, ప్రాసెసర్ కింది టంకం కానీ దెబ్బతిని ఉంటుంది. ముందు పవర్ సప్లై మార్చి చూడమనండి. హాట్ ఎయిర్ గన్‌తో వేడి చేసి ‘సరైపోయింది’ అని ఇచ్చే రిపేరు నిలవదు. దానికి డబ్బు పోయకండి.

తెల్ల లైటు ఉంది, టీవీలో బొమ్మ లేదు

ముందు కేబుల్, తర్వాత టీవీలో వేరే హెచ్‌డీఎంఐ పోర్టు. తర్వాత సేఫ్ మోడ్ (రిపేరు ఆప్షన్లుండే మెనూ): పూర్తిగా ఆఫ్ చేసి, పవర్ బటన్‌ను రెండో బీప్ వినిపించేదాకా, సుమారు ఏడు సెకన్లు, నొక్కి పట్టండి. కంట్రోలర్‌ను యూఎస్‌బీ తీగతోనే కలపాలి. అక్కడ బొమ్మ వస్తే 2వ ఆప్షన్‌తో రిజల్యూషన్ మార్చండి. అక్కడా రాకపోతే ఫోన్ టార్చ్‌తో పోర్టులోకి చూడండి, పిన్నులు వంగి ఉండొచ్చు. పిన్నులు బాగుంటే లోపలి హెచ్‌డీఎంఐ చిప్ మీద అనుమానం. ఉరుములు మెరుపులప్పుడు డిష్ తీగ గుండా టీవీలోకి వచ్చిన సర్జ్ (ఒక్కసారిగా పెరిగే కరెంటు) హెచ్‌డీఎంఐ తీగ దారినే మెషీన్‌కు చేరుతుంది. ఈదురుగాలి మొదలవగానే ప్లగ్గుతో పాటు హెచ్‌డీఎంఐ కూడా పీకేయండి.

గేమ్ మధ్యలో మూసుకుపోతుంది, సీఈ-34878-0 అనే ఎర్రర్ కోడ్ వస్తుంది

కరెంటు పోయినప్పుడల్లా డిస్క్ మీద రాస్తున్న పని సగంలో తెగుతుంది. అలా డిస్క్‌లోని ఫైళ్ల జాబితా (డేటాబేస్) చెడితే గేమ్‌లు కూలిపోతాయి, మెనూ నత్తనడక నడుస్తుంది. సేఫ్ మోడ్‌లో 5వ ఆప్షన్, రీబిల్డ్ డేటాబేస్, నొక్కండి. సేవ్‌లు పోవు. డిస్క్ నిండుగా ఉంటే గంటలు పట్టొచ్చు, మధ్యలో ఆపకండి. 6, 7 ఆప్షన్లు అన్నీ తుడిచేస్తాయి. తప్పదనుకుంటే ముందు సేవ్‌లను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. 7వ దానికి చిన్న అప్‌డేట్ ఫైల్ పనికిరాదు. సోనీ సైట్లో రీఇన్‌స్టాలేషన్ కోసమని ఇచ్చిన, సుమారు 1 జీబీ ఉండే ఫైలే కావాలి.

ఇన్వర్టర్ ఉన్నా మెషీన్ ఆరిపోతుంటే ఇన్వర్టర్ వెనక యూపీఎస్ మోడ్ స్విచ్ ఉందేమో చూడండి. ఆ మోడ్‌లో కరెంటు మార్పిడి వేగంగా జరుగుతుంది.

కంట్రోలర్ కలవదు, లేదా బొటనవేలితో తిప్పే కర్ర (అనలాగ్ స్టిక్) దానంతటదే కదిలినట్టు పనిచేస్తుంది

కలవకపోవడానికి తరచూ కారణం తీగ. చార్జింగ్‌కు మాత్రమే పనికొచ్చే మైక్రో యూఎస్‌బీ తీగలతో జత కుదరదు, డేటా తీగ కావాలి. వెనక ఎల్2 దగ్గరి చిన్న రంధ్రంలో పిన్నుతో ఐదు సెకన్లు నొక్కి, మళ్లీ తీగ కలిపి పీఎస్ బటన్ నొక్కండి. కర్ర జారడం దుమ్ము వల్లయితే, కంట్రోలర్ ఆఫ్ చేసి కర్ర మొదట్లో రెండు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి గుండ్రంగా తిప్పి, ఆరనివ్వండి. నెలలోపే మళ్లీ వస్తే లోపలి పట్టీ అరిగింది. స్టిక్ మాడ్యూల్ మార్చాలి, దానికి టంకం పని తప్పదు.

డిస్క్ దానంతటదే బయటికొస్తుంది

1000, 1100 మోడళ్లలో ఎజెక్ట్ (డిస్క్ బయటికి తీసేది) తాకితే చాలు పనిచేసే బటన్. దాని కిందనున్న రబ్బరు పాదం పైకి నెడితే, ఎవరూ తాకకుండానే బీప్‌లు, డిస్క్ బయటికి. ఆ పాదం తీసి చూడండి. ఆగితే కారణం అదే.

ఇంటి వైఫైలో 5 గిగాహెర్ట్జ్ పేరు కనిపించదు

పాత లావు మోడళ్లకు 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే తెలుసు. రౌటర్లో ఆ బ్యాండ్‌కు వేరే పేరు పెట్టండి, లేదా ల్యాన్ తీగ లాగండి.