కాన్ఫరెన్స్ మార్పును అంచనా వేయడం ఎలా?

అమెరికాలో ఒక విశ్వవిద్యాలయం కాన్ఫరెన్స్ (తమలో తాము పోటీపడే విశ్వవిద్యాలయాల క్రీడా కూటమి) మారుతున్నట్టు ప్రకటిస్తే, ముందుగా ప్రసార హక్కుల ఒప్పందాన్ని చూడండి; ఆ సొమ్ములో సింహభాగం తెచ్చేది అమెరికన్ ఫుట్‌బాలే కాబట్టి నిర్ణయం సాధారణంగా అక్కడే ఖాయమవుతుంది. 2024లో లాస్ ఏంజిలిస్‌లోని యూసీఎల్ఏ, యూఎస్‌సీ విశ్వవిద్యాలయాలు బిగ్ టెన్ అనే కాన్ఫరెన్స్‌లో చేరడం ఇందుకు ఉదాహరణ.

తర్వాత మిగతా క్రీడల షెడ్యూలును, పటాన్ని పక్కపక్కన పెట్టుకోండి. ఫుట్‌బాల్ జట్టు సాధారణంగా వారానికి ఒక్క మ్యాచే, అదీ ఎక్కువగా శనివారం ఆడుతుంది. వాలీబాల్, సాఫ్ట్‌బాల్ క్రీడాకారిణులు మాత్రం లాస్ ఏంజిలిస్ నుంచి న్యూజెర్సీలో ఉన్న మరో బిగ్ టెన్ విశ్వవిద్యాలయం రట్‌గర్స్ దాకా వెళ్లి, మూడు గంటల సమయ తేడాను తట్టుకుని, తిరిగొచ్చి తరగతులకు కూర్చోవాలి. అందుకే, కొత్త ఆదాయంలో ఈ జట్ల ప్రయాణాలకు, చదువుకు ఎంత కేటాయించారన్నది తప్పక అడగవలసిన ప్రశ్న. యూసీఎల్ఏకు అనుమతి ఇస్తూ, దాన్ని నడిపే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ వ్యవస్థ పాలకమండలి సభ్యులు (రీజెంట్లు) 2022 డిసెంబరులో ఇటువంటి షరతులే పెట్టారు. నా దృష్టిలో అది ముందే జరగవలసిన ఆలోచన.

ఫుట్‌బాల్‌ను విడదీసే వీలుందేమో కూడా పరిశీలించండి. బాస్కెట్‌బాల్‌కు పేరుపడ్డ కనెక్టికట్ విశ్వవిద్యాలయం 2020లో బిగ్ ఈస్ట్ కాన్ఫరెన్స్‌కు తిరిగి వెళ్లి, ఫుట్‌బాల్‌ను మాత్రం ఏ కాన్ఫరెన్స్‌లోనూ చేర్చకుండా స్వతంత్రంగా ఉంచింది. ఫలితంగా ఆ జట్టు తన ప్రత్యర్థులను తానే వెతుక్కోవలసి వస్తోంది.